బోటులోనూ ఒక కండక్టర్ ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నగరం చుట్టుపక్కల చెరువుల్లో జలక్రీడలు పెంచాలన్న వార్తలు పత్రికల్లో తరచూ చూస్తున్నాను. మన పిల్లలకు మంచిదే. కానీ స్పీడ్ బోటు వెనక తాడు పట్టుకుని నీటి మీద జారే వాటర్ స్కీయింగ్ గురించి రాసినప్పుడు ఒక్క సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. తాడుకు ఆ చివర ఉన్న మనిషి బోటు నడిపే మనిషితో ఎలా మాట్లాడాలి? నేను సైన్యంలో సిగ్నల్స్ దళంలో 22 ఏళ్ళు పనిచేశాను. జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అయిన నాటి నుంచి రిటైరయ్యే దాకా నా పని ఒకటే, ఇక్కడ అన్న మాట అక్కడ ఉన్నది ఉన్నట్టు వినపడేలా చూడటం. అందుకని ఈ సంగతి నాకు మనసులో పడితే నిద్ర పట్టదు.

పోయిన చలికాలం మా మనవరాలికి ఈ ఆట మీద మనసు పోయింది. పదహారేళ్ళ పిల్ల, ఈత బాగా వచ్చు. శివార్లలో ఒక చెరువు దగ్గర నేర్పిస్తున్నారంటే నేనూ మా అమ్మాయీ వెంట వెళ్ళాం. ఆ చెరువు పేరు రాయను. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, బోటు నడిపే అబ్బాయి ఎంతో మర్యాదస్తుడు. బోటులో ఉన్నది మాత్రం ఆ అబ్బాయి ఒక్కడే. వెనక కనపడటానికి ముందు ఒక అద్దం బిగించి ఉంది. ఇంజన్ అదురుకు అందులోని బొమ్మ వణుకుతూనే ఉంటుంది.

మూడుసార్లు పడి, నాలుగోసారి లేచి నిలబడింది పిల్ల. ఒడ్డున మేమిద్దరం చప్పట్లు కొట్టాం. ఇంతలో ఎదురుగా థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల సరిచేసుకుంటున్న మనిషి ఒకాయన అడ్డం వచ్చాడు. బోటు అబ్బాయి ఆయన్ను తప్పించడానికి పక్కకు తిప్పాడు. అది సరైన పనే. కానీ ఆ తిప్పుడులో తాడు ఒక్కసారి వదులై, మళ్ళీ బిగిసింది. పిల్ల ఎగిరి పడింది. ఆ అబ్బాయి చూపు ఇంకా తెప్ప మీదే ఉంది. నేను మనసులో లెక్కపెడుతున్నాను. పదకొండు దాకా వచ్చాక గానీ బోటు వెనక్కి తిరగలేదు.

బోటు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం, సెకనుకు ఎనిమిది మీటర్ల పైమాటే. పదకొండు సెకన్లకు 90 మీటర్లు. దానికి తాడు పొడవు కలపండి, ఈ ఆటలో మామూలుగా వాడే తాడు 75 అడుగులు, అంటే 23 మీటర్లు. పిల్ల ఒకచోట, బోటు వంద మీటర్ల అవతల. మధ్యలో ఇంకో బోటు రావచ్చు, రాకపోవచ్చు. నీటి మీద తేలే తల ఎంత కనిపిస్తుంది? కొబ్బరికాయంత. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకున్న చోట గోళ్ళు దిగాయి, సాయంత్రం దాకా ఆ గుర్తులు పోలేదు. పిల్లకు ఏమీ కాలేదు. రెండు చేతులూ తల పైన కలిపి పట్టుకుని, నేర్పిన ప్రకారం ‘బాగానే ఉన్నాను’ అని చూపిస్తూనే ఉంది. చూడాల్సిన మనిషే చూడలేదు.

చేతి సైగలు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి, చాలా మంచి సైగలు. బొటనవేలు పైకెత్తితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ఈ వేగం చాలని, గొంతు ముందు అరచెయ్యి అడ్డంగా ఆడిస్తే బోటు ఆపమని, తల మీద తట్టుకుంటే ఇక ఒడ్డుకు పోదామని. అన్నీ మా మనవరాలికి వచ్చు, ఇంట్లో భోజనాల దగ్గర కూడా చేసి చూపించింది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఖాళీ చెయ్యి ఎక్కడుంది? రెండూ హ్యాండిల్ మీదే ఉంటాయి. ఒకటి వదిలితే భుజం తిరిగిపోయి పక్కకు పడతారు. సైగలు బాగా చెయ్యగలిగేది ఆట బాగా వచ్చినవాళ్ళు. వాళ్ళకు అవసరం తక్కువ. అవసరం ఎక్కువగా ఉన్నవాళ్ళు తల ఊపడం తప్ప ఏమీ చెయ్యలేరు.

1922లో అమెరికాలోని మిన్నెసోటాలో పెపిన్ అనే సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు మొదటిసారి ఇలా నిలబడ్డాడు. బోటు నడిపింది వాళ్ళ అన్న. ఇంట్లోవాళ్ళు గనక ఒకరి తీరు ఒకరికి తెలుసు. ఇక్కడ టికెట్టు కొని వచ్చిన పిల్లకూ, ఆ పొద్దున్నే మొదటిసారి చూసిన డ్రైవరుకూ మధ్య ఆ తెలివిడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటికొచ్చి మోటారు సైకిలు హెల్మెట్లలో పెట్టుకునే బ్లూటూత్ ఇంటర్‌కామ్ జత ఒకటి కొన్నాను. రెండూ కలిపి 6,400 రూపాయలు పడ్డాయి. మా డాబా మీద నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది, మునిసిపల్ నీళ్ళు పట్టుకునేది. ఒక సెట్టును గాలి చొరని కవరులో పెట్టి, రెండోది మనవరాలి చేతికిచ్చి మెట్ల దగ్గర నిలబెట్టాను. నా సెట్టు డ్రమ్ము అంచు మీద ఉన్నప్పుడు ఆమె మాట పక్కన నిలబడి చెప్పినట్టు వినిపించింది. మెల్లగా నీళ్ళలోకి దించాను. రెండు వేళ్ళ లోతులో గరగర మొదలైంది. జానెడు లోతుకు పూర్తిగా తెగిపోయింది. పైకి తీస్తే వెంటనే కలవలేదు. కొన్ని సెకన్లు వెతుక్కుని, కూత పెట్టి, అప్పుడు కలిసింది.

ఎందుకు తెగిందో తెలియాలంటే మనింట్లో అన్నం వేడిచేసుకునే మైక్రోవేవ్ ఓవెన్ చాలు. బ్లూటూత్ నడిచేదీ అదీ దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ తరంగాలను నీళ్ళు తాగేస్తాయి. ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. వికారాబాద్ దగ్గర దామగుండంలో, జలాంతర్గాములకు సందేశాలు పంపే నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, దానికోసం అడవిలో చెట్లు కొట్టేస్తారన్న గొడవ అందరికీ తెలిసిందే. ఆ గొడవ పక్కన పెడితే, జలాంతర్గామికి మాట అందించాలంటే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి, ఆ ఫ్రీక్వెన్సీకి ఎత్తయిన టవర్లు, బోలెడంత స్థలం కావాలి. నీళ్ళలోకి రేడియో దించడం అంత కష్టం. వేలెడంత సెట్టు నుంచి అది ఆశించకూడదు. స్కీ మీద నిలబడి ఉన్నంతసేపూ తల నీటి పైనే ఉంటుంది కాబట్టి సెట్టు పనిచేస్తుంది. తల మునిగిన క్షణం అది లేనట్టే. తల మునిగేదేమో పడ్డప్పుడు. అంటే మాట అన్నిటికన్నా ఎక్కువ కావలసిన ఆ కొన్ని సెకన్లలోనే రేడియో ఉండదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే నేను చెప్పబోయేదంతా అర్థమైనట్టే.

తర్వాత ఆదివారం పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే, అదే చెరువుకు వెళ్ళాం. మోటారు సైకిలు హెల్మెట్ మాత్రం నీళ్ళలో ఎవరూ పెట్టుకోకూడదు, పడ్డప్పుడు లోపల నీళ్ళు నిండి మెడ లాగేస్తుంది. కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడిపేవాళ్ళు పెట్టుకునే, చిల్లులున్న తేలికపాటి హెల్మెట్ తీసుకున్నాం. సెట్టును నడినెత్తికి దగ్గరగా బిగించాను. చెవి పక్కన బిగిస్తే మన తలే అడ్డమవుతుంది, ఎందుకంటే తలకాయలోనూ ఎక్కువ భాగం నీళ్ళే. బోటులో రెండో సెట్టును తాడు కట్టే స్తంభం పైభాగాన ఎత్తుగా పెట్టాం. డ్రైవరు అబ్బాయి ముందు. నేను లైఫ్ జాకెట్ వేసుకుని, వెనక్కి తిరిగి, పిల్లకేసి చూస్తూ కూర్చున్నాను.

మొదటి రౌండులో నాకు వినిపించింది గాలి ఒక్కటే. మైకు నోటి ముందు ఉండటమే తప్పు. స్పాంజి తొడిగి దవడ పక్కన, హెల్మెట్ మెత్త లోపలికి జరిపాం. మాట తెలిసింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పిల్ల ‘స్లో’ అంటోందా, ‘స్టాప్’ అంటోందా తెలియడం లేదు. స్కీ కింద నుంచి లేచే తుంపర చప్పుడే ‘స్...’ అన్నట్టు ఉంటుంది. రెండు మాటల్లోనూ మొదటి అక్షరం అందులో కలిసిపోయి ‘లో’, ‘టాప్’ అని ఏవో ముక్కలు మిగిలాయి. ఇంగ్లీషు వద్దు, తెలుగులో చెప్పమన్నాను. ‘పెంచు’, ‘తగ్గించు’ అంది. అది ఇంకా ప్రమాదం. స్కీ మీద ఉన్న మనిషికి బటన్ నొక్కే చెయ్యి ఉండదు గనక, గొంతు వినగానే సెట్టు దానంతటదే తెరుచుకునేలా పెట్టాం. అది తెరుచుకునే లోపల మాటలో మొదటి ముక్క జారిపోతుంది. ‘పెంచు’లో మిగిలేది ‘ంచు’. ‘తగ్గించు’లో మిగిలేదీ ‘ంచు’. తగ్గించమని పిల్ల అడిగితే పెంచమన్నట్టు వినపడటం ఎంత పెద్ద పొరపాటో చెప్పక్కర్లేదు.

ఒడ్డు మీద కూర్చుని, ఇడ్లీ పొట్లాలు విప్పుకుని, మాటలు ఏరుకున్నాం. బోటు అబ్బాయి కూడా వచ్చి కూర్చున్నాడు. అతనికి తెలుగు అర్థమవుతుంది గానీ కంగారులో ఉర్దూయే వస్తుంది, ‘ఆపు’ కన్నా ‘రోకో’ తొందరగా తలకెక్కుతుందన్నాడు. అది మంచి మాట. మన హైదరాబాదులో ఎవరికి ఏ భాష ముందు అందుతుందో అడిగి, దిగేముందే ఖాయం చేసుకోవాలి. చివరికి ఆగడానికి ‘ఆపు ఆపు’, వేగానికి ‘పైకి పైకి’, నెమ్మదికి ‘మెల్లగా మెల్లగా’ అనుకున్నాం. ప్రతి మాటా రెండుసార్లు. మొదటిది జారిపోయినా రెండోది నిలుస్తుంది. బోటులో ఉన్న మనిషి అదే మాట తిరిగి చెప్పాలి, విన్నది సరైనదేనని అవతలివాళ్ళకు తెలియడానికి. సైన్యంలో మాకు మొదటి వారంలోనే నేర్పేది ఇది.

బయలుదేరడానికి ఏమనాలి అని మనవరాలు అడిగింది. నేను ఆలోచించేలోపు తనే అంది, ‘రైట్ రైట్’ అని. సిటీ బస్సులో రోజూ వినే మాట. అప్పుడు నాకు తట్టింది, ఆర్టీసీ కండక్టర్లు ఆ మాటను రెండుసార్లు ఊరికే అనరు. పాత బస్సుల్లో పైకప్పు పొడవునా ఒక తాడు ఉండేది, గుర్తుందా? ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. వెనక ఏం జరుగుతోందో డ్రైవరు చూడలేడు, చూడకూడదు, అతని చూపు రోడ్డు మీదే ఉండాలి. ఎవరు దిగారు, ఎవరి చీర కొంగు తలుపులో పడింది, ఎవరు ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉన్నారు, ఇవన్నీ చూసేందుకే కండక్టర్. గంట గొప్పది కాదు, గంట కొట్టే మనిషి గొప్పవాడు.

ఆ రోజు ఆట బాగా సాగింది. ‘మోకాళ్ళు వంచే ఉంచు, చేతులు చాపు, నువ్వు లేవకు తల్లీ, బోటే లేపుతుంది’ అని నేను మైకులో చెబుతుంటే, మూడుసార్లు పడ్డాక లేచే పిల్ల రెండోసారికే లేచింది. ఒక మాట అందితే భయం సగం తగ్గుతుంది. పడ్డప్పుడు మాత్రం అనుకున్నట్టే జరిగింది. సెట్టు తెగిపోయింది, బోటులో కూత వినిపించింది. ఆ కూత వినగానే చెయ్యెత్తి ‘రోకో రోకో’ అన్నాను. అబ్బాయి వెంటనే వేగం తగ్గించి తిప్పాడు. నేను మూడు లెక్కపెట్టేసరికి బోటు తిరిగింది. పిల్ల తల పైకొచ్చినా సెట్టు ఇంకా కలవలేదు, కానీ కలిపి పట్టుకున్న రెండు చేతులూ నాకు స్పష్టంగా కనిపించాయి.

ఇంత బాగా జరిగాక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ లెక్కలు చూసుకునే ఆయన నాతో ఒక మాటన్నాడు. ‘ఈ సెట్టు చాలా బాగుంది సార్, ఇక బోటులో వెనక్కి చూసే మనిషి అక్కర్లేదు, ఆ సీటుకు ఇంకో టికెట్టు ఇవ్వొచ్చు.’ ఆయన మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం గుండె జారింది. ఆ సెట్టు నేను తెచ్చింది ఆ మనిషిని దింపెయ్యడానికి కాదు, ఆ మనిషి చేతిలో పెట్టడానికి. రేడియో తెగిపోయే సెకన్లలో కన్ను ఒక్కటే పనిచేస్తుంది. ఆ కన్ను డ్రైవరుది కాకూడదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తాడు వెనక మనిషిని లాగే బోటులో డ్రైవరు కాక, కనీసం పన్నెండేళ్ళున్న ఇంకో మనిషి వెనక్కి చూస్తూ ఉండాలని చట్టం. స్కీ మీద మనిషి పడితే ఎర్ర జెండా గానీ నారింజ రంగు జెండా గానీ ఎత్తాలి, చుట్టుపక్కల బోట్లకు తెలియడానికి. జెండాకు బ్యాటరీ అక్కర్లేదు, అది నీళ్ళలో తడిసినా పనిచేస్తుంది. మన దగ్గర ఆ రెండూ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మన పర్యాటక శాఖవారినీ, చెరువుల మీద బోట్లు నడిపే సంస్థలవారినీ నేను కోరేది ఇదే. డ్రైవరూ, స్కీ మీది మనిషీ కాక, లాగే బోటులో వెనక్కి చూసే మూడో మనిషి తప్పనిసరి అని టికెట్టు మీదే రాయండి. మైకు ఆ మూడో మనిషి దగ్గరే ఉండాలి, డ్రైవరు చెవిలో వద్దు. డ్రైవరు సెట్టుకు ఫోను కలిపి పాటలు వినడం నేను కళ్ళారా చూశాను, ఆపమని అడిగే మాట మధ్యలో ఫోను మోగితే ఏమవుతుందో ఆలోచించండి. సైగలూ, ‘ఆపు ఆపు’ లాంటి నాలుగు మాటలూ ఒడ్డు మీదే, నీళ్ళలో దిగకముందే నేర్పండి. తెలుగులో, ఉర్దూలో, హిందీలో బొమ్మలతో ఒక బోర్డు పెట్టండి. ఆన్‌లైన్‌లో దొరికే పోలీసు తరహా వాకీటాకీలు తెచ్చి వాడొద్దు. వాటిలో చాలావాటికి లైసెన్సు కావాలి. వాటి అమ్మకాల మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే తక్కువ శక్తి సెట్లకు ఆ ఇబ్బంది లేదు, ఆమోదం పొందిన సరుకేనా అని చూసుకుంటే చాలు. హుస్సేన్‌సాగర్ లాంటి చోట అయితే లాంచీల అలలు, నెక్లెస్ రోడ్డు మీది హారన్లు, నిమజ్జనం తర్వాత నీళ్ళలో మిగిలే ఇనుప చట్రాలు, ఇవన్నీ కలిసి మూడో మనిషి పని ఇంకా పెంచుతాయి.

ఒక విషయం రాయకుండా ఉండలేను. చూపు లేనివాళ్ళు కూడా ఈ ఆట ఆడతారు, పోటీల్లో పాల్గొంటారు. బోటు నుంచి వచ్చే శబ్దం విని పక్కకు ఎంత దూరం జరిగారో తెలుసుకుంటారు. వాళ్ళకు బొటనవేలి సైగలు దేనికి పనికొస్తాయి? చెవికి అందే మాటే వాళ్ళకు దారి. మన నగరంలో చూపు లేని పిల్లల బడులున్నాయి. ఆ పిల్లల్లో ఒక్కరైనా ఒకరోజు చెరువు మీద నిలబడాలని నాకుంది. దానికి మంచి సెట్టు కావాలి, మంచి కళ్ళున్న మూడో మనిషి కావాలి.

నా దగ్గర రెండు సెట్లూ, హెల్మెట్టూ సిద్ధంగా ఉన్నాయి. శాఖవారు గానీ, బోటు నడిపేవాళ్ళు గానీ రమ్మంటే నా ఖర్చుతోనే వచ్చి చూపిస్తాను. మనవరాలు కూడా వస్తానంది. ఆదివారం పొద్దున ఆరింటికైతే బాగుంటుంది, ఏడు దాటితే చెరువు మీద గాలి లేస్తుంది, మైకులో అదే వినిపిస్తుంది.

ఇట్లు,
సిగ్నల్స్ దళం విశ్రాంత హవల్దార్,
తిరుమలగిరి, సికింద్రాబాద్